నాటక రచనలో పీజీ: హైదరాబాదా, వైజాగా, లండనా? పర్లాకిమిడి నుంచి అడుగుతున్నా

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. డొంకతిరుగుడు లేకుండా అడిగేస్తాను. మాది ఒడిశా, బరంపురంలో డిగ్రీ అయింది, ఇంగ్లీషు ఆనర్స్. కాలేజీ రోజుల నుంచి నాటికలు రాస్తున్నా, మా వీధి కుర్రాళ్లతో వేయిస్తున్నా, ఒకటి శ్రీకాకుళం వైపు పరిషత్తు పోటీల దాకా వెళ్లింది కూడా. నటన నాకు పడదు, స్టేజీ ఎక్కితే నోరెండిపోతుంది. డైరెక్షన్ మీదా అంత మోజు లేదు. నాకు రాయడం కావాలి, అది నేర్పే పీజీ కావాలి. నెట్లో వెతికితే ఇంగ్లండులో నాటకానికీ లైవ్ ప్రదర్శనకీ రాయడం మీద ప్రత్యేకంగా ఎం.ఏ.లు కనిపిస్తున్నాయి, ఫీజు చూస్తే గుండె గుభేలుమంటోంది. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, ఢిల్లీ ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) అన్నీ రంగస్థల కళలు అంటున్నాయి తప్ప రచన అని విడిగా ఎక్కడా లేదు. మా నాన్న బీఎడ్ చెయ్యమంటున్నారు, ఆయన టెన్షన్ ఆయనది. చదివినవాళ్లు, చదవకుండా రాస్తున్నవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
అమ్మాయ్, నాటకం రాయడానికి పీజీ ఏమిటమ్మా? 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టిన దగ్గర్నుంచీ ఎన్ని నాటికలు ఆడాయో లెక్కే లేదు. రాసినవాళ్లలో బడిపంతుళ్లున్నారు, రైల్వే గుమాస్తాలున్నారు, బ్యాంకు వాళ్లున్నారు. పట్టా పుచ్చుకుని రాసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. రిహార్సల్ గదిలో చాప మీద కూర్చో, నటుడి నోట్లో డైలాగు ఎక్కడ ఇరుక్కుంటోందో చూడు, అక్కడికక్కడే కొట్టేసి మళ్లీ రాయి. చదువంటే అదే. మీ నాన్న చెప్పిన బీఎడ్ చేసి ఉద్యోగం చూసుకుంటే సాయంత్రాలు ఎలాగూ నీవే.

తెరతాడు
బాబాయ్‌గారు వచ్చారు, ఇక దారం సాఫీగా సాగినట్టే.

గచ్చిబౌలి_రిటర్న్ (రాయగడ)
బాబాయ్‌గారూ, మీరన్న రిహార్సల్ గది బరంపురంలో మీకుంది. మా రాయగడలో నాకు లేదు. తెలుగు నాటకం వేద్దామంటే నలుగురు దొరకడమే గగనం, ఆడపాత్రకి ఇంకా కష్టం. నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లింది అందుకే.

చెల్లీ, అక్కడ సరోజినీ నాయుడు స్కూల్లో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, రెండేళ్ల ఎంపీఏ, అంటే మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, ప్రవేశం సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. నువ్వన్నది నిజమే, రచన ఒక్కటే చదువుతానంటే కుదరదు. నటన, డిజైను, డైరెక్షను, సిద్ధాంతం అన్నీ చెయ్యాలి. కాళ్లు వణికినా స్టేజీ ఎక్కాలి. మొదట్లో నాకూ ఇది దండగనిపించింది. తర్వాత ఒక సీనియర్ ప్రొడక్షన్‌కి నన్ను సెట్టు మోయడానికి వేశారు. స్క్రిప్టులో ఒక్క లైను: "చీకటి. వెలుతురు వచ్చేసరికి పెళ్లిపందిరి." రాసినవాడికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ చీకట్లో నాలుగు వెదుళ్లూ, తాటాకుల చాపలూ, రెండు పీటలూ మేం మోసుకొచ్చి నిలబెట్టాలి. ప్రేక్షకులు దగ్గడం మొదలుపెట్టారు, ఎవడో ఫోన్ లైటు వేశాడు, సీను అక్కడే చచ్చిపోయింది. ఆ తర్వాత నా స్క్రిప్టుల్లో పందిరి అన్నమాట రాసేముందు దాన్ని మోసేదెవరో, ఆ వ్యవధిలో ముందు భాగంలో ఏం జరుగుతుందో చూసుకుంటున్నా. రచన క్లాసు అని పేరు పెట్టకపోయినా అది రచన క్లాసే కదా.

ఇంకో సంగతి. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి లోకల్, నాన్‌లోకల్ గొడవ లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో కూడా థియేటర్ ఆర్ట్స్ ఉంది, వైజాగ్ మనకి దగ్గర, అక్కడ తెలుగు నాటక వాతావరణమూ ఉంది, కానీ ఒడిశా అడ్రసున్న మనం నాన్‌లోకల్ కిందికి వస్తాం, ఆ సీట్లు కొంచెమే. నవ్వొచ్చేదేంటంటే ఆ యూనివర్సిటీని ఏటా లక్ష రూపాయలిచ్చి నిలబెట్టింది మన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. జయపురం పిల్లలు మాత్రం నాన్‌లోకల్.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అన్నయ్యా, ఇది నిజంగా తెలీదు. మరి ఎన్‌ఎస్‌డీ?

గచ్చిబౌలి_రిటర్న్ (రాయగడ)
మూడేళ్ల డిప్లొమా, స్టైపెండ్ ఇస్తారు, అది పెద్ద ఊరట. కానీ అక్కడ చదువంతా నటన, డిజైను, డైరెక్షన్ చుట్టూనే. డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించాలి, వయసు పరిమితి ఉంది, హిందీ ఇంగ్లీషు రెండూ ఆడాలి. రాయడం కోసమే అయితే నీకు సరిపడదని నా అభిప్రాయం. పాండిచ్చేరి యూనివర్సిటీలో కూడా రంగస్థల పీజీ ఉంది, ఆ విభాగాన్ని మొదట నడిపింది తమిళ నాటకకర్త ఇందిరా పార్థసారథి. అంటే ఒక రచయిత పునాది వేసిన చోటు. అది కూడా సెంట్రల్ యూనివర్సిటీయే, చూడు.

లెక్కల_మాస్టారు (గుణుపురం)
నేను నాటకాల మనిషిని కాను, మా అబ్బాయికి కూడా ఈ పిచ్చి పట్టింది కాబట్టి చదువుతున్నా. అందరూ కోర్సుల గురించే చెబుతున్నారు, తర్వాత అన్నం ఎవరు పెడతారో ఎవరూ చెప్పడం లేదు. రెండేళ్లు ఎంపీఏ చేసిన పిల్ల నెలకి ఎంత సంపాదిస్తుంది? ఇది వెటకారం కాదు.

గచ్చిబౌలి_రిటర్న్ (రాయగడ)
మాస్టారూ, అడగాల్సిన ప్రశ్నే. పక్కాగా నెల జీతం అంటే రెండు దార్లు. ఒకటి యూజీసీ నెట్, అందులో డ్రామా, థియేటర్ సబ్జెక్టు ఉంది, అది ప్యాసై పీహెచ్‌డీ, లెక్చరర్ వైపు వెళ్లడం. రెండోది ప్రైవేటు స్కూళ్లలో డ్రామా టీచరు, హైదరాబాదులో ఈ ఉద్యోగాలు ఉన్నాయి. నేను చేస్తున్నది అదే. మిగతాది సీరియళ్లకీ ఓటీటీకీ డైలాగులు రాయడం, ఒక నెల వస్తుంది, మూడు నెలలు రాదు. ఇవి కాక కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చేవి ఉన్నాయి: 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి యువ కళాకారుల స్కాలర్‌షిప్పు, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. 25 దాటితే జూనియర్ ఫెలోషిప్పు, నెలకి 10,000. బతకడానికి చాలవు, కానీ ఊళ్లో ఉండి ఒక నాటకం పూర్తిచెయ్యడానికి ఊతం.

లెక్కల_మాస్టారు (గుణుపురం)
సూటిగా చెప్పినందుకు థాంక్స్. మా ఇంట్లో ఈ జవాబు ప్రింటు తీసి గోడకి అంటిస్తా.

కోరాపుట్_కాఫీ (ఇప్పుడు ఇంగ్లండ్)
చెల్లీ, నువ్వు చూసిన ఎం.ఏ.ల్లాంటిదే ఒకటి నేను చేస్తున్నా, స్కూలు పేరు వద్దులే. బయటి నుంచి కనిపించనివి చెబుతాను.

ఇక్కడ నాటక రచనకి విడిగా పీజీ అన్నది మరీ పాతదేం కాదు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో నాటకకర్త డేవిడ్ ఎడ్గార్ 1989లో మొదలుపెట్టిన కోర్సే బ్రిటన్‌లో తొలిది. ఇప్పుడు లండన్‌లో రాయల్ సెంట్రల్ లాంటి డ్రామా స్కూళ్లలోనూ, మామూలు యూనివర్సిటీల్లోనూ ఉన్నాయి. చాలావరకు ఒక్క ఏడాది. లెక్చర్లు తక్కువ. వారం వారం రాసిన పేజీలు పట్టుకెళ్లాలి, పదిమంది బల్ల చుట్టూ కూర్చుంటారు, నీ పేజీలు వేరేవాళ్లు చదువుతారు, నువ్వు నోరు మూసుకుని వినాలి. ఆ వినడమే అసలు పని. నీకు బ్రహ్మాండం అనిపించిన చోట అవతలివాడు పేజీ తిప్పడానికి తొందరపడుతుంటాడు, నువ్వు ఏదో అతుకు అనుకున్న చోట గది మొత్తం చెవులు రిక్కిస్తుంది. టర్ము చివర నటులొచ్చి చదువుతారు. ఆఖర్న నిండు నిడివి నాటకం ఒకటి, ఎందుకలా రాశావో ఒక వ్యాసం.

లైవ్ ప్రదర్శన అంటే కేవలం నాలుగు గోడల నాటకం కాదు ఇక్కడ. పాత మిల్లులో, బస్సులో, ఒక్క ప్రేక్షకుడి కోసం, హెడ్‌ఫోన్లలో మాట వినిపిస్తూ నడిపించేవి, అన్నింటికీ రాతే. అది చూసి మా క్లాసు వాళ్లు అబ్బురపడుతుంటే నాకు మా కోరాపుట్ దేశియా నాట్ గుర్తొచ్చింది, ముసుగు వేసుకుని ఊరి మధ్య ఆడేది, స్టేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవడికీ పట్టదు.

డబ్బు సంగతి. ఫీజు, లండన్ అద్దె, తిండి కలిపితే ముప్పై లక్షలు దాటడం ఖాయం. నేను చెవెనింగ్ మీద వచ్చా, బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు. ఫీజూ, బతకడానికి అలవెన్సూ, విమానం టికెట్టూ అన్నీ వాళ్లే. కానీ డిగ్రీ తర్వాత రెండేళ్ల పని అనుభవం కావాలి, గంటల్లో 2,800, చదువయ్యాక కనీసం రెండేళ్లు ఇండియాకి వెనక్కి రావాలి. కాబట్టి ఈ ఏడాదే ఇంగ్లండ్ అని నువ్వు అనుకుంటే అప్పు చెయ్యడమే. అప్పు చేసి మాత్రం రావద్దు, కాళ్లు పట్టుకుని చెబుతున్నా. నాటకం రాసి ఆ ఈఎంఐ కట్టినవాళ్లని నేనింతవరకు చూడలేదు. అమెరికాలో యేల్ డ్రామా స్కూల్ 2021 నుంచి అందరికీ ట్యూషన్ ఫ్రీ చేసింది, మూడేళ్ల ఎంఎఫ్‌ఏ, కానీ నాటక రచనకి ఏటా ముగ్గురో నలుగురో అంతే.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
ముప్పై లక్షలు పెట్టి నోరు మూసుకోవడం నేర్చుకోవాలా. మా ఆవిడ ఉచితంగా నేర్పింది.

తెరతాడు
😂 బాబాయ్‌కి ఉత్తమ రచన బహుమతి ఇచ్చెయ్యండి.

ఒపేరా_పంతులు (అస్కా)
ఈ చర్చలో ఒడియా జాత్రా గురించి ఎవరూ ఎత్తలేదేంటి? ఇంట్లో తెలుగు, పని ఒడియాలో. జాత్రా పార్టీలకి రాస్తాను. ఇక్కడ ఒపేరా అంటే ఇదే, తెలియనివాళ్ల కోసం. రచయితకి నిజంగా డబ్బిచ్చే నాటక రంగం మన జిల్లాల్లో ఉందంటే ఇదొక్కటే. వానాకాలంలో రిహార్సలు, పూజల సీజన్ నుంచి ఎండలు ముదిరేదాకా ఊరూరా రాత్రంతా ఆట. స్క్రిప్టు ముందు యజమానికి చదివి వినిపించాలి, ఆయనకి మధ్యలో ఫోన్ వస్తే ఆ సీను బాగోలేదని అర్థం. హీరో, విలన్, కామెడీ జోడీ, ఎవరి సీను ఎంతసేపో వాళ్ల పేరునిబట్టి ఉంటుంది. గొప్ప సాహిత్యమని అనను. కానీ రాత్రి రెండింటికి బయలు పొలంలో నిద్రమత్తులో ఉన్న జనాన్ని లేపి కూర్చోబెట్టే సీను రాయడం ఏ యూనివర్సిటీలో నేర్పుతారో చెప్పండి.

ఇంకోటి. గంజాం ప్రహ్లాద నాటకం చూశావా అమ్మా? వెనక మెట్లమెట్లుగా ఎత్తైన మంచె, దాని మీద హిరణ్యకశిపుడు, కింద గాహకుడు పుస్తకం పట్టుకుని పాడుతూ మొత్తం ఆటని నడిపిస్తాడు. అంటే రాత స్టేజీ మీదే ఉంటుంది, అందరికీ కనిపిస్తూ. ఆ పాఠం జలంతర రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉంది. జలంతర ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, ఆట మాత్రం గంజాంలో ఒడియాలో బతుకుతోంది. 1936లో ఒడిశాని విడదీసి సరిహద్దు గీత గీసినవాళ్లకి ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి. బరంపురం ఠాకురాణి జాత్ర చూడు, రెండేళ్లకోసారి, దేరా సాలీల ఇంటి ఆడపడుచుగా అమ్మవారు వస్తుంది, ఊరు మొత్తం వేషాలు కట్టి తిరుగుతుంది. లైవ్ ప్రదర్శన అని లండన్‌లో పేరు పెట్టి చెప్పేదానికి మనం పక్క సందులో అడ్డం తప్పుకుని దారిస్తాం.

గచ్చిబౌలి_రిటర్న్ (రాయగడ)
పంతులుగారూ, ఒప్పుకుంటా, కానీ ఇవి పక్కనే ఉన్నా మనం వాటిని రచనగా చూడం. కోర్సు చేసే పని అది: కూర్చోబెట్టి చూడమంటుంది. నేను తూర్పు భాగవతం, అదే మన వైపు వీధి ఆట, మా అమ్మమ్మ ఊళ్లో చిన్నప్పుడు చూశా, పట్టించుకోలేదు. ఎంపీఏలో సెమినార్ పేపర్ కోసం మళ్లీ వెళ్లి కూర్చుంటే, మద్దెల ఎప్పుడు ఆగితే సత్యభామ మాట మొదలవుతుందో అప్పుడు చూశా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ ఎంత థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. ఒక సీను ఇక్కడ పెడతా, తిట్టండి. అసలు నాకు ఈ పీజీ ఆలోచన వచ్చిందే దీనివల్ల.

బరంపురం పెద్దాసుపత్రి వార్డు. తల్లి మంచం మీద, పక్కన కొడుకు, సూరత్ మరమగ్గాల నుంచి సెలవు పెట్టి వచ్చాడు. డాక్టరు కేసుషీటు చూసి కొడుకుతో "ఆఉ బేసి దినొ నాహిఁ" (ఇక ఎక్కువ రోజులు లేవు) అని ఒడియాలో అంటాడు. వెళ్లిపోతాడు.
తల్లి: ఏటంటన్నాడ్రా?
కొడుకు: రేపు ఇంటికి పంపించేస్తారంటమ్మా.
తల్లి: చూశావా, నాను చెప్పనేదా. నాకేటీ నేదని.
నాటిక అంతా ఇలాగే, కొడుకు మధ్యలో నిలబడి జల్లెడ పడుతుంటాడు. పరిషత్తులో ఒక న్యాయనిర్ణేత నన్ను పిలిచి, ఒడియా తీసెయ్యమ్మా, జనానికి అర్థం కాదు, డాక్టరు చేత తెలుగే మాట్లాడించు అన్నారు. అలా చేస్తే నాటికే లేదు కదా! కానీ ఆయనకి జవాబు చెప్పడం చేతకాలేదు. ఆ జవాబు నేర్చుకోవడానికే చదువుకోవాలనిపించింది.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
న్యాయనిర్ణేత అన్నదాంట్లో తప్పులేదు. పోటీలో హాలు నిండా శ్రీకాకుళం, విజయనగరం జనం. డాక్టరేమన్నాడో తెలియకపోతే కొడుకు అబద్ధమాడాడని ఎలా తెలుస్తుంది?

కోరాపుట్_కాఫీ (ఇప్పుడు ఇంగ్లండ్)
బాబాయ్‌గారూ, ఇక్కడే ఉంది అసలు మజా. బరంపురంలో ఆడితే హాలంతటికీ ఒడియా వచ్చు. డాక్టరు మాట పడగానే జనానికి తెలిసిపోయింది, తల్లికి తెలీదు. ఆమె "నాకేటీ నేదు" అంటే జనం గొంతులో వెలక్కాయ పడుతుంది. అదే సీను శ్రీకాకుళంలో ఆడితే జనం తల్లి పక్కన కూర్చున్నట్టు, వాళ్లకీ తెలీదు, కొడుకు మొహం మీదే కళ్లన్నీ. ఆమె కనిపెట్టినప్పుడే వాళ్లూ కనిపెడతారు. ఒక్క అక్షరం మార్చకుండా రెండు నాటికలు. చెల్లీ, ఆ న్యాయనిర్ణేతకి జవాబు ఇదీ: అర్థం కాకపోవడం అక్కడ లోపం కాదు, ప్రేక్షకుణ్ణి ఎవరి పక్కన కూర్చోబెట్టాలో నువ్వు చేసిన నిర్ణయం. కాకపోతే శ్రీకాకుళం ఆటకి కొడుకు జవాబు చెప్పేముందు ఒక పని ఇవ్వాలి. మాట కాదు, పని. చేతిలో మందుల చీటీ ఉంటే దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకోనీ. చాలు.

ఒపేరా_పంతులు (అస్కా)
చీటీ బాగుంది. మా జాత్రాలో అయితే అక్కడ హార్మోనియం వాయించేస్తారు, దరిద్రం.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
సరే, చీటీ ఒప్పుకున్నా. కానీ అమ్మాయ్, నీ నాటికలో అసలు బొక్క ఎవరూ చూడలేదు. ఆ తల్లి ఏం చేసేది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
బరంపురం బజార్లో కూరలమ్మేది అండీ. చిన్నప్పుడే కొడుకు సూరత్ వెళ్లిపోతే ఒక్కతే ఉంది.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
బజార్లో ఒడియావాళ్లకి కూరలమ్మిన మనిషికి ఆ నాలుగు మాటలు తెలీవా? ఆమెకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. కొడుకు పదిహేనేళ్లకే సూరత్ పోయాడు కాబట్టి వాడి లెక్కలో అమ్మకి తెలుగొక్కటే వచ్చు. వాడు బాధపడకూడదని ఈవిడ తెలియనట్టు ఉంటుంది. "నాకేటీ నేదని చెప్పనేదా" అన్న నీ డైలాగు మార్చకు, ఉన్నదున్నట్టు ఉంచు. చివర్లో వాడు లేనప్పుడు నర్సుతో ఒడియాలో ఒక్క ముక్క మాట్లాడించు.

గచ్చిబౌలి_రిటర్న్ (రాయగడ)
బాబాయ్‌గారూ!!!

కోరాపుట్_కాఫీ (ఇప్పుడు ఇంగ్లండ్)
ఇలాంటి ఒక్క మాట కోసం నేను టర్ము మొత్తం ఎదురుచూస్తా ఇక్కడ. పీజీ వద్దన్న మనిషి పీజీ క్లాసు చెప్పేశారు.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
వద్దనే అంటున్నా ఇప్పటికీ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నాకు చేతులు ఆడడం లేదు. ఇప్పుడే మళ్లీ మొత్తం రాయాలి. ఒక్కటి అడుగుతా, అక్కా, మీ కోర్సులకి అప్లై చేసేటప్పుడు శాంపిల్ స్క్రిప్టు ఇంగ్లీషులోనే ఉండాలా?

కోరాపుట్_కాఫీ (ఇప్పుడు ఇంగ్లండ్)
ఇంగ్లీషులోనే, సాధారణంగా పది ఇరవై పేజీలు, దాంతో పాటు ఎందుకు చదవాలనుకుంటున్నావో ఒకటి రెండు పేజీలు, ఇద్దరి రిఫరెన్సు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష. ఈ నాటికే ఇంగ్లీషులో పెట్టు, డాక్టరు మాట మాత్రం ఒడియాలోనే ఉంచు, కింద అర్థం రాయకు. అక్కడివాళ్లు శ్రీకాకుళం ప్రేక్షకుల స్థానంలో కూర్చుంటారు. కానీ అది రెండేళ్ల తర్వాతి మాట. ఇప్పుడైతే సీయూఈటీకి కట్టెయ్, సీటొస్తే హైదరాబాద్ వెళ్లు, ఎంపీఏ అయ్యాక రెండేళ్లు ఎక్కడో పనిచెయ్యి, అప్పుడు చెవెనింగ్.

లెక్కల_మాస్టారు (గుణుపురం)
సీటు రాకపోతే?

గచ్చిబౌలి_రిటర్న్ (రాయగడ)
బీఎడ్, మాస్టారూ. ఆ అమ్మాయి నాన్నగారు చెప్పింది కూడా మరీ కొట్టిపారెయ్యాల్సింది కాదు. స్కూల్లో పిల్లలతో నాటకం వేయిస్తే అది కూడా రిహార్సల్ గదే, పైగా జీతం. సీటొచ్చినా రాకపోయినా ఈ నాటిక బరంపురంలో ఒకసారి ఆడాలి ముందు.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
ఆదివారం మా రిహార్సల్ గదికి రా అమ్మాయ్. గుణుపురం నుంచి పూరీ వెళ్లే రైలు మీ ఊరి మీదుగానే కదా వచ్చేది, అందులో ఎక్కెయ్. స్క్రిప్టు నాలుగు కాపీలు తెచ్చుకో, ఫోన్లో చూసి చదివేవాళ్లని నేను లోపలికి రానివ్వను. తల్లి వేషానికి మనిషి ఉంది. నర్సుకి మాత్రం ఒడియా గడగడా మాట్లాడే పిల్ల కావాలి, మా దగ్గర లేదు.

ఒపేరా_పంతులు (అస్కా)
మా మేనకోడలు ఉంది, బరంపురంలోనే. ఒడియాకి లోటు లేదు, నటన కూడా పర్లేదు. ఆదివారం మాత్రం కుదరదు, వార్డు డ్యూటీ. నిజంగానే నర్సు.

పాత_మేకప్‌పెట్టె (బరంపురం)
అయితే శనివారం సాయంత్రం పెట్టుకుందాం. యూనిఫాం తనదే తెచ్చుకోమను, మా ఆహార్యం పెట్టెలో ఉన్నది రాణీగారి సైజు.